చేపల్ని మళ్ళీ వదిలే ముందు ఉప్పునీటి ట్యాంకుకి ఏ టెస్టు చేయాలి, దేనితో చేయాలి

పోయిన ఏడాది మా హాల్లో ఉన్న 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకుకి ఇక్ అనే చేపల జబ్బు తగిలింది. చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు. అయిదింట్లో రెండు పోయాయి. మిగిలిన రెండు క్లౌన్ చేపల్నీ రాయల్ గ్రామా అనే ఒక చిన్న చేపనీ హాస్పిటల్ ట్యాంకుకి మార్చి, పెద్ద ట్యాంకుని 76 రోజులు చేపల్లేకుండా ఉంచాను. ఈ జబ్బు తెచ్చే పరాన్నజీవి రాళ్ళకీ ఇసుకకీ అంటుకుని, గూడు కట్టుకున్నట్టు ఉండే దశలో 3 నుంచి 72 రోజుల దాకా ఆగగలదు. అందుకే చేపలు పెంచేవాళ్ళలో ఈ 76 రోజుల లెక్క ఆనవాయితీ అయిపోయింది.

77వ రోజు పొద్దున నీళ్ళు టెస్ట్ చేశాను. చేపల వ్యర్థం నుంచి వచ్చే విషం అమ్మోనియా సున్నా, ఫిల్టర్‌లోని బాక్టీరియా దాన్ని అరిగించేటప్పుడు మధ్యలో పుట్టే నైట్రైట్ సున్నా. అంతా బాగుందనుకుని సాయంత్రం చేపల్ని వదిలేశాను. నాలుగో రోజుకి అమ్మోనియా 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) దాకా ఎక్కింది. గ్రామా రాయి వెనకాల పక్కకి ఒరిగి ఉంది.

కిట్ సరిగ్గానే చెప్పింది, నేనే అడగాల్సింది అడగలేదు. చేపల్లేని ట్యాంకులో అమ్మోనియా సున్నా కాక ఇంకెంత ఉంటుంది? పొయ్యి వెలిగించని వంటింట్లో అంట్లు లేవని సంబరపడ్డట్టుంది నా పని. పైగా ట్యాంక్ ఖాళీయే కదా అని మధ్యలో ఫిల్టర్ మీడియా, అంటే ఆ బాక్టీరియా కాపురముండే సరుకు, మొత్తం కుళాయి నీళ్ళతో శుభ్రంగా కడిగేశాను. క్లోరిన్‌తో బాక్టీరియా చచ్చింది. మిగిలిందేమైనా ఉంటే రెండున్నర నెలలు తిండి లేక తగ్గిపోయింది. చేపలు తిరిగి రాగానే వాటి వ్యర్థాన్ని అరిగించే నాథుడు లేడు.

అప్పటి నుంచి టెస్టింగ్ సామాను మీద చాలానే ఖర్చుపెట్టాను. కొంత దండగ, కొంత పనికొచ్చింది. మీరూ ట్యాంకుని ఖాళీగా ఉంచి మళ్ళీ చేపలు వేసే దశలో ఉంటే, దేనికి డబ్బు పెట్టాలో, ఏది వదిలేయాలో నాకు తెలిసింది చెబుతాను.

ముందు అమ్మోనియా: నాలుగు దార్లు

మొదటిది స్ట్రిప్స్. ముంచి తీసి, డబ్బా మీది రంగులతో పోల్చుకోవడమే. ఒకే స్ట్రిప్ మీద అయిదారు గళ్ళు ఉంటాయి కాబట్టి అన్నీ వచ్చేశాయనిపిస్తుంది. కానీ చాలా రకాల్లో ఆ గళ్ళలో అమ్మోనియా ఉండదు, దానికి వేరే స్ట్రిప్ కొనాలి. కొనేముందు డబ్బా తిప్పి చూడండి. ఇంకో ఇబ్బంది మన వాతావరణం. విశాఖ, కాకినాడ లాంటి చోట గాల్లో తేమకి, మూత రెండుమూడు సార్లు సరిగ్గా పెట్టకపోతే గళ్ళు పాడైపోతాయి. పాడైనట్టు పైకి తెలియదు, ఏదో ఒక రంగు మాత్రం చూపిస్తూనే ఉంటాయి. రోజూ నడుస్తున్న ట్యాంకులో ఉన్నట్టుండి తేడా వచ్చిందేమో ఓసారి చూసుకోవడానికి స్ట్రిప్ చాలు. చేపల్ని వదలాలా వద్దా అనే నిర్ణయానికి మాత్రం నేను దాన్ని నమ్మను.

రెండోది చుక్కల కిట్. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఏపీఐ సాల్ట్‌వాటర్ మాస్టర్ కిట్. అందులో పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ నాలుగూ ఉంటాయి. అమ్మోనియాకి 5 మిల్లీలీటర్ల నీళ్ళలో మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో సీసా నుంచి 8 చుక్కలు వేసి, కుదిపి, అయిదు నిమిషాలు ఆగాలి. పసుపు వస్తే సున్నా, ఆకుపచ్చ పెరిగేకొద్దీ ప్రమాదం. ఉప్పునీటికి రంగుల కార్డు వేరు, మంచినీటి కార్డుతో పోల్చకూడదు. నేను మొదట్లో అదే చేశాను.

ఈ కిట్‌తో అందరికీ వచ్చే తలనొప్పి 0.25. పూర్తి పసుపూ కాదు, పచ్చా కాదు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూస్తే పచ్చగా, పొద్దున కిటికీ దగ్గర చూస్తే పసుపుగా కనిపిస్తుంది. దీనికి నేను చేసే పని: ఇంకో ట్యూబులో ఆర్‌ఓ నీళ్ళు పోసి, దానికీ అవే చుక్కలు వేసి, రెండూ పక్కపక్కన తెల్లకాగితం ముందు పెట్టి పగటి వెలుతురులో చూడటం. రెండూ ఒకే రంగులో ఉంటే మీ 0.25 కంటిభ్రమే. కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళని మాత్రం సున్నాకి కొలతగా పెట్టుకోకండి. కొన్ని సాల్ట్ మిక్సుల్లో కొద్దిగా అమ్మోనియా ఉంటుంది.

చుక్క వేసేటప్పుడు సీసాని నిట్టనిలువుగా తలకిందులు చేయాలి. వాలుగా పట్టుకుంటే చుక్క పరిమాణం మారిపోతుంది. ఏపీఐ సీసాల మీద లాట్ నంబర్ ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలు తయారైన నెల, సంవత్సరం. మన షాపుల్లో అరల మీద ఏళ్ళ తరబడి కూర్చున్న సరుకు తక్కువేం కాదు. మూడేళ్ళు దాటినదైతే నేను ముట్టుకోను.

మూడోది ట్యాంక్ లోపల గాజుకి అంటించే బిళ్ళ, సీకెమ్ అమ్మోనియా అలర్ట్ లాంటిది. పసుపు నుంచి పచ్చకి, అక్కడి నుంచి నీలానికి మారుతుంది. దీని గురించి ఒక్క విషయం తెలిస్తే మిగతాదంతా తేలికవుతుంది. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకి పెద్దగా హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పల్ని కాల్చే స్వేచ్ఛా అమ్మోనియా. చుక్కల కిట్ రెండింటినీ కలిపి చూపిస్తుంది. ఈ బిళ్ళ ప్రమాదకరమైనదాన్ని మాత్రమే చూపిస్తుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీళ్ళలో మొత్తంలో అర శాతమే ప్రమాదకరం. పీహెచ్ 8.2 ఉన్న ఉప్పునీళ్ళలో అది ఆరేడు శాతం దాకా వెళ్తుంది. మంచినీటి ట్యాంకులో గోల్డ్ ఫిష్ తట్టుకున్న 1 పీపీఎం దగ్గర సముద్రపు చేప తేలిపోవడానికి ఇదే కారణం. బిళ్ళ ఏడాది దాకా పనిచేస్తుంది, అస్తమానం ట్యూబులు కడిగే పని లేదు. అయితే రంగు మెట్లు నాలుగే, మారడమూ నెమ్మదే. చేపలు వేశాక కాపలాకి ఇది బంగారం లాంటిది. వేసేముందు లెక్క తేల్చుకోవడానికి మొరటు.

నాలుగోది డిజిటల్ చెకర్. హాన్నా వాళ్ళ చిన్న మెషిన్లు కంటి బదులు కాంతితో రంగుని కొలిచి అంకె చూపిస్తాయి. రంగులు సరిగ్గా పోల్చుకోలేనివాళ్ళకి ఇది వరమే. కానీ గాజుసీసా మీద వేలిముద్ర పడినా, లోపల చిన్న గాలిబుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది. అంకె కనిపిస్తే మనకి నమ్మకం ఎక్కువైపోతుంది, అదే ఇక్కడ చిక్కు. రంగు తెప్పించే రసాయనం, అంటే రీఏజెంట్, అయిపోయినప్పుడల్లా మళ్ళీ తెప్పించుకోవాలి. పగడాలు పెంచేవాళ్ళు ఆల్కలినిటీ, ఫాస్ఫేట్ కోసం ఎలాగూ కొంటారు. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకి అక్కర్లేదు.

నా మాటగా చెప్పమంటే చుక్కల కిట్ ఒకటి, బిళ్ళ ఒకటి. రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు కాబట్టి ఒకటి ఉంటే ఇంకోటి వద్దనుకోవడానికి లేదు.

అసలు పరీక్ష: ఫిల్టర్‌కి పని చెప్పడం

ఏ కిట్ కొన్నా, ఖాళీ ట్యాంకు నీళ్ళు ముంచి చూస్తే ఏమీ తెలియదని మొదట్లోనే అన్నాను. ఫిల్టర్‌కి కొంచెం అమ్మోనియా పెట్టి, 24 గంటల్లో ఎంత తినేసిందో చూడాలి. పెట్టడానికి మూడు పద్ధతులున్నాయి.

అమ్మోనియం క్లోరైడ్, మనవాళ్ళు నవాసారం అంటారే, దానితో చేస్తే లెక్క కచ్చితంగా ఉంటుంది. పాత్రలకి కళాయి వేసేవాళ్ళ దగ్గర దొరికే ముక్కలు వాడకండి, మలినాలు ఎక్కువ. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట స్వచ్ఛమైనది తీసుకోండి. 100 లీటర్లకి 0.6 గ్రాములు వేస్తే సుమారు 2 పీపీఎం వస్తుంది. 0.6 గ్రాములు వంటింటి త్రాసులో తూగవు. అందుకని 6 గ్రాములు తూచి ఒక లీటరు ఆర్‌ఓ నీళ్ళలో కరిగించి పెట్టుకుంటే, అందులో 100 మిల్లీలీటర్లు 100 లీటర్లకి సరిపోతాయి. 200 లీటర్ల ట్యాంక్ అన్నా రాళ్ళు, ఇసుక పోను నీళ్ళు 160, 170 లీటర్లే ఉంటాయి, ఆ లెక్కన పోయండి. అరగంట ఆగి టెస్ట్ చేసి రాసుకోండి. మర్నాడు అదే సమయానికి మళ్ళీ చేయండి. సున్నాకి వచ్చేస్తే ఫిల్టర్ సిద్ధంగా ఉన్నట్టే. నాలాగా రెండుమూడు చిన్న చేపలే ఉంటే 2 పీపీఎం దాకా అక్కర్లేదు, 1 పీపీఎం అరిగిస్తే చాలు.

రెండో పద్ధతి చేపలు లేకపోయినా ఉన్నట్టే రోజూ మేత వేయడం. ట్యాంకులో రొయ్యలు, నత్తలు, పగడాలు ఉంటే ఇదే దారి, వాటి మీద అమ్మోనియా పోయకూడదు. చివరి రెండు వారాలు చేపలకి వేసేంత మేత వేస్తూ రోజు విడిచి రోజు టెస్ట్ చేస్తే, అమ్మోనియా పైకి లేవకుండా ఉందో లేదో తెలుస్తుంది. నిజానికి ఖాళీగా ఉంచిన మొదటి రోజు నుంచీ చిటికెడు మేత వేస్తూ ఉంటే నాకు ఈ గొడవే ఉండేది కాదు.

మూడోది మార్కెట్లో రొయ్య తెచ్చి ట్యాంకులో కుళ్ళబెట్టడం. పాతకాలం పద్ధతి. ఎంత అమ్మోనియా వస్తుందో మన చేతిలో ఉండదు, ఇంట్లో వాసనకి మాత్రం గ్యారంటీ. మా ఇంట్లో రెండో రోజే అల్టిమేటం వచ్చింది.

ఉప్పు కొలవడం

ఇక్కడ మోసపోయేవాళ్ళు అమ్మోనియా దగ్గర కంటే ఎక్కువ. సముద్రపు నీటి లెక్క వెయ్యికి 35 వంతులు, అంటే 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత (మంచినీళ్ళతో పోలిస్తే బరువు) 1.026. చేపలకి దాని అటూ ఇటూ కొద్దిగా ఫర్వాలేదు. హాస్పిటల్ ట్యాంకులో ఉన్న ఉప్పూ పెద్ద ట్యాంకులో ఉన్న ఉప్పూ ఒకటేనా అన్నదే ముఖ్యం. ఇక్ కోసం ఉప్పు తగ్గించే వైద్యం చేసి 1.009 దగ్గర ఉంచిన చేపని ఒక్కసారిగా 1.025లోకి తెస్తే ఒంట్లో నీళ్ళు లాగేస్తాయి. హాస్పిటల్ ట్యాంకులోనే వారం రోజుల మీద మెల్లగా పెంచుకుంటూ రావాలి. అలా పెంచాలంటే కొలిచే పరికరం నమ్మకమైనదై ఉండాలి.

ఊగే ముల్లు ఉన్న ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది. ముల్లుకి గాలిబుడగ అంటుకుంటే ఉప్పు ఎక్కువ చూపిస్తుంది. ఎండిపోయిన ఉప్పు పేరుకుంటే ముల్లు బరువెక్కి తక్కువ చూపిస్తుంది. నా దగ్గరున్నది ఒకే నీళ్ళకి పొద్దున 1.022, సాయంత్రం 1.025 చూపించిన రోజులున్నాయి. గాజు హైడ్రోమీటర్ మాత్రం మంచిదే. పొడవాటి జార్‌లో నిలబెట్టాలి, పగిలే భయం ఉంటుంది, అంతే.

నీళ్ళు కాంతిని ఎంత వంచుతాయో చూసి ఉప్పు చెప్పే రిఫ్రాక్టోమీటర్‌కే నా ఓటు. రెండు చుక్కలు గాజు మీద వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. కానీ ఆన్‌లైన్లో చవకగా వచ్చేవాటిలో చాలా వరకు మామూలు ఉప్పు ద్రావణం కోసం తయారైనవే, సముద్రపు నీటికి కావు. వాటిని ఆర్‌ఓ నీళ్ళతో సున్నాకి సరిచేసి వదిలేస్తే, అసలు 35 ఉన్న సముద్రపు నీళ్ళకి అవి 36.5 దాకా చూపిస్తాయి. మనం ఎక్కువైందనుకుని ఉప్పు తగ్గిస్తాం. అందుకే 35 దగ్గర సరిచేసే ద్రావణంతోనే స్క్రూ తిప్పాలి. కొనడానికి దొరక్కపోతే ఇంట్లో చేసుకోవచ్చు. పొడిగా ఉన్న మెత్తటి ఉప్పు 36.5 గ్రాములు, ఆర్‌ఓ నీళ్ళు 963.5 గ్రాములు. ఆ ద్రావణం కాంతిని వంచే తీరు 35 ఉన్న సముద్రపు నీళ్ళతో సమానం. అక్కడ గీత 35 మీదకి వచ్చేలా తిప్పుకుంటే ఆ పరికరం మీ పనికి సరిపోతుంది. తేమ పట్టిన కళ్ళుప్పు వాడితే మాత్రం బరువు తప్పుతుంది.

నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి ఉప్పు చెప్పే డిజిటల్ కండక్టివిటీ మీటర్ కూడా బాగా పనిచేస్తుంది. దాన్నీ 53 మిల్లీసీమెన్స్ ద్రావణంతో సరిచూసుకోవాలి. అసలు తేడా పరికరాల కంటే సరిచూసుకునే అలవాటులోనే ఉంది. సరిచూడని ఖరీదైన మీటర్ కంటే నెలనెలా సరిచూసే చవక రిఫ్రాక్టోమీటర్ మేలు.

ఆర్‌ఓ అన్నాను కాబట్టి ఒక మాట. వంటింట్లో తాగేనీళ్ళ ప్యూరిఫయర్ నీళ్ళని ఆర్‌ఓ నీళ్ళే కదా అని వాడేవాళ్ళున్నారు. వాటిలో చాలా మోడళ్ళకి రుచి కోసం కొంత పచ్చినీళ్ళు కలిపే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ ఉంటుంది. మీటర్ పెట్టి చూస్తే మాది 70 చూపించింది. బోరు నీళ్ళున్న అపార్ట్‌మెంట్లలో ఆ 70లో నైట్రేట్ కూడా ఉండొచ్చు. ట్యాంకుకి సున్నాకి దగ్గరగా ఉన్న నీళ్ళే కావాలి.

విశాఖలో ఉన్నవాళ్ళు సముద్రమే పక్కనుండగా సాల్ట్ మిక్స్ ఎందుకంటారు. ఒడ్డు దగ్గర కాలవలు కలిసే చోట తెచ్చుకోవడం ఎలాగూ వద్దు. అది పక్కనపెట్టినా, వానాకాలం తర్వాత గోదావరి, మహానది, గంగ నీళ్ళు బంగాళాఖాతంలో కలిసి ఒడ్డు వెంట ఉప్పు బాగా తగ్గుతుంది. మే నెలలో తెచ్చిన నీళ్ళూ నవంబర్‌లో తెచ్చిన నీళ్ళూ ఒకటి కావు. తెస్తే ప్రతిసారీ కొలవాల్సిందే. చేపల్ని తిరిగి వదిలే వారంలో మాత్రం అలాంటి ప్రయోగాలు పెట్టుకోవద్దు.

మిగతావి, త్వరగా

నైట్రైట్ గురించి మంచినీటి ట్యాంకులు పెంచినవాళ్ళకి భయం ఎక్కువ. ఉప్పునీళ్ళలో క్లోరైడ్ అడ్డుపడటం వల్ల అది మొప్పల్లోకి అంతగా వెళ్ళదు, విషం చాలా తక్కువ. అయినా టెస్ట్ చేస్తాను, ఎందుకంటే అది కనిపిస్తోందంటే ఫిల్టర్ ఇంకా సగంలోనే ఉందని అర్థం. నైట్రైట్ ఉన్నప్పుడు నైట్రేట్ కిట్ కూడా ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకెని చూసి కంగారు పడొద్దు. నైట్రేట్ కిట్ రెండో సీసాని ముప్పై సెకన్లు గట్టిగా కుదపకపోతే అడుగున పేరుకున్నది కలవక, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. చుక్కలు వేశాక ట్యూబుని కూడా ఒక నిమిషం కుదపాలి.

పీహెచ్ 7.8 నుంచి 8.4 మధ్య ఎక్కడున్నా చేపలకి సరే. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో పీహెచ్ తక్కువ చూపిస్తే అది కార్బన్ డయాక్సైడ్ పని, కిటికీ తీయండి. అది చూసి పీహెచ్ పెంచే బఫర్ పొడులు కొనుక్కోకండి. కాల్షియం, మెగ్నీషియం కిట్లు పగడాల కోసం. చేపల్ని వదలడానికి వాటితో పని లేదు.

హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో ట్యాంక్ 30 దాటుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీళ్ళు దాదాపు 6.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 దగ్గర 6.2 మాత్రమే. ఫ్యాన్ పెట్టి చల్లబరిస్తే నీళ్ళు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. వేసవిలో ఉప్పు రోజూ కొలవాల్సి రావడానికి కారణం ఇదే.

షాపులో ఉచితంగా టెస్ట్ చేస్తామంటే ఒకసారి చేయించండి, మీ కిట్ రీడింగ్‌తో పోల్చుకోవడానికి. కానీ "వాటర్ బాగుందండీ" అన్న మాట తీసుకుని ఇంటికి రావద్దు. ఏ కిట్‌తో చేశారు, అంకె ఎంత అని అడగండి. నేను ఒక షాపుకి సీసాలో నీళ్ళు తీసుకెళ్తే, అబ్బాయి స్ట్రిప్ ముంచి, ఫోన్ మాట్లాడుతూ అర నిమిషం తర్వాత చూసి ఓకే అన్నాడు. ఆ స్ట్రిప్ డబ్బా మీద అమ్మోనియా గడే లేదు. నీళ్ళు తీసుకెళ్ళేటప్పుడు సీసా అంచుదాకా నింపి మూత పెట్టండి. పీహెచ్ మాత్రం ఇంట్లోనే చూసుకోండి, దారిలో మారిపోతుంది.

ఐసీపీ ల్యాబ్ టెస్ట్ గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. పగడాల ట్యాంకుకి, లేదా నీళ్ళలో తుప్పు పట్టిన మాగ్నెట్, రాగి ఫిట్టింగ్ లాంటిది పడిందని అనుమానం ఉన్నప్పుడు అది చాలా మంచిది. రాగి, జింక్ లాంటి లోహాల్ని అతి సూక్ష్మంగా పట్టుకుంటుంది. కానీ అది మూలకాల్ని కొలిచే పద్ధతి, అమ్మోనియాని కొలవదు. అంత ఖర్చుపెట్టి, రిపోర్టు కోసం వారాలు ఆగి, అసలు ప్రశ్నకి జవాబు లేకుండా కూర్చోవాల్సి వస్తుంది.

ఇక్ కోసం వాడే రాగి మందుని పొరపాటున పెద్ద ట్యాంకులోనే వేసి ఉంటే రాళ్ళు దాన్ని పీల్చుకుని ఉంటాయి. అప్పుడు రొయ్యలు, నత్తలు వేసే ముందు రాగి కిట్ తప్పనిసరి. మందు హాస్పిటల్ ట్యాంకులోనే వాడి ఉంటే ఆ వల, ఆ బకెట్ ఇటు తేకుండా ఉంటే చాలు.

ఎవరు ఏం కొనాలి

చేపలు మాత్రమే ఉన్న ట్యాంక్, బడ్జెట్ తక్కువ అయితే: అమ్మోనియా చుక్కల కిట్, రిఫ్రాక్టోమీటర్, ఇంట్లో చేసుకున్న ఉప్పు ద్రావణం. ఇంకేమీ వద్దు. ఇంకొంచెం పెట్టగలిగితే అమ్మోనియా బిళ్ళ. పగడాలు కూడా ఉంటే ఆల్కలినిటీ చెకర్ చేర్చుకోండి, ఏడాదికోసారి ఐసీపీ చేయించుకోండి. రంగులు పోల్చడంలో ఇబ్బంది ఉంటే స్ట్రిప్స్‌కి, చుక్కల కిట్‌కి పెట్టే డబ్బు కలిపి నేరుగా డిజిటల్ చెకర్‌కే వెళ్ళండి.

ఆ తర్వాత మళ్ళీ ట్యాంక్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు నేను 1 పీపీఎం అమ్మోనియా పోసి చూశాను. మొదటిసారి 24 గంటలకి 0.5 మిగిలింది. వారం ఆగి, రోజూ చిటికెడు మేత వేసి, మళ్ళీ పోశాను. ఈసారి మర్నాటికి పసుపు, ఆర్‌ఓ ట్యూబు పక్కన పెడితే ఏది ఏదో తెలియలేదు. రెండు ట్యాంకుల ఉప్పు కొలిచి, ఉష్ణోగ్రత ఒకటేనని చూసుకుని, ముందు ఒక్క క్లౌన్‌నే వదిలాను. మూడో రోజు టెస్ట్ చేసి బాగుంటే రెండోదాన్ని. గాజుకి అంటించిన బిళ్ళ ఇంకా పసుపుగానే ఉంది.